బాల్యానుభవాలు - మనోవిశ్లేషణ సిద్ధాంతం

బాల్యంలో, ముఖ్యంగా మొదటి ఐదారు సంవత్సరాలలో, కలిగే అనుభవాలు పెద్దయిన తరువాత మనిషి స్వభావాన్ని, భయాలను, ప్రేమాభిమానాలను, ఇతరులతో మెలిగే తీరును రూపుదిద్దుతాయని చెప్పే సిద్ధాంతాలలో మనోవిశ్లేషణ సిద్ధాంతం ప్రధానమైనది. దీనిని ఆస్ట్రియా దేశపు వైద్యుడు సిగ్మండ్ ఫ్రాయిడ్ (1856 - 1939) ప్రతిపాదించాడు. ఆయన తరువాతి వారు దీనిని అనేక విధాలుగా సవరించారు. ఫ్రాయిడ్ చెప్పిన వివరాలలో చాలా భాగం పరిశోధనలో నిలువలేదు. అయితే పసితనంలో దగ్గరి మనుషులతో ఏర్పడే సంబంధం మనిషిపై చాలాకాలం ప్రభావం చూపుతుందన్న మూలభావం మాత్రం నిలిచింది. ఆ ప్రభావం మార్చరాని తలరాత కాదన్నది తరువాతి పరిశోధనల సారాంశం. ఈ వ్యాసంలో సిద్ధాంతపు ముఖ్యాంశాలు, భారతదేశంలో దాని చరిత్ర, తెలుగు నవలపై దాని ప్రభావం, కోనసీమ ప్రాంతానికి చెందిన రెండు ఉదాహరణలు, విమర్శలు వివరింపబడినవి.

నేపథ్యం

బాల్యానికి, వ్యక్తిత్వానికి గల సంబంధం గురించి తెలుగువారికి రెండు సామెతలు ఉన్నాయి. 'మొక్కై వంగనిది మానై వంగునా' అనే సామెత పెంపకానికి ప్రాధాన్యం ఇస్తుంది. 'పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు' అనే సామెత పుట్టుకకు ప్రాధాన్యం ఇస్తుంది. మనస్తత్వ శాస్త్రంలో పరిసరాలు, అనువంశికత అనే పేర్లతో జరిగే చర్చ కూడా ఇదే. మనోవిశ్లేషణ మొదటి సామెతకు దగ్గరగా ఉంటుంది. అయితే మొక్క వంగిన సంగతి మానుకు గుర్తుండదని, గుర్తులేని ఆ వంపే మానును నడిపిస్తుందని చెప్పడం దీని ప్రత్యేకత.

ఫ్రాయిడ్ ప్రస్తుత చెక్ రిపబ్లిక్‌లో ఉన్న ఫ్రైబర్గ్ (నేటి ప్రిబోర్) పట్టణంలో 1856 మే 6న జన్మించాడు. వియన్నాలో వైద్యవిద్య అభ్యసించి, నరాల జబ్బుల వైద్యునిగా పనిచేశాడు. శరీరంలో ఏ లోపమూ కనబడకపోయినా చేయి పడిపోవడం, మాట పోవడం వంటి లక్షణాలతో ఆయన వద్దకు రోగులు వచ్చేవారు. ఆయన మిత్రుడు జోసెఫ్ బ్రాయర్ 'అన్నా ఓ' అనే మారుపేరు గల రోగికి 1880 - 82 మధ్య వైద్యం చేసి, ఆమె తన బాధలను మాటలలో చెప్పుకున్నప్పుడు లక్షణాలు తగ్గుతున్నట్లు గమనించాడు. ఇద్దరూ కలిసి 1895లో హిస్టీరియాపై ఒక గ్రంథం ప్రచురించారు. రోగి మనస్సులోకి వచ్చిన ప్రతి మాటనూ దాచకుండా చెప్పే పద్ధతిని ఫ్రాయిడ్ క్రమంగా రూపొందించాడు. దీనినే 'స్వేచ్ఛా సంసర్గం' అంటారు.

1896లో ఫ్రాయిడ్ ఈ జబ్బులకు మూలం చిన్నతనంలో పెద్దల వలన కలిగిన లైంగిక అత్యాచారం అని వాదించాడు. 1897లో ఆ అభిప్రాయాన్ని మార్చుకొని, రోగులు చెప్పిన వాటిలో చాలా భాగం పసిమనస్సు కల్పించుకొన్న ఊహలు కావచ్చునని భావించాడు. ఈ మార్పు నుండే శిశు మనస్సులోని కోరికల గురించిన ఆయన సిద్ధాంతం పుట్టింది. దీనిపై వచ్చిన తీవ్ర విమర్శ 'విమర్శలు' విభాగంలో చూడవచ్చు.

మనస్సు నిర్మాణం

ఫ్రాయిడ్ ప్రకారం మనకు తెలిసే మనస్సు చాలా చిన్న భాగం. తెలియకుండా పనిచేసే పెద్ద భాగాన్ని 'అచేతనం' అంటారు. భరించలేని కోరికలను, జ్ఞాపకాలను మనస్సు అచేతనంలోకి నెట్టివేయడాన్ని 'దమనం' అంటారు. దమనమైనవి నశించక కలలు, మాట తడబాట్లు, రోగలక్షణాల రూపంలో బయటపడుతూ ఉంటాయి.

1923లో ఫ్రాయిడ్ మనస్సును మూడు భాగాలుగా వర్ణించాడు.

అచిత్తు: పుట్టుకతో వచ్చే కోరికల నిలయం. వెంటనే తృప్తి కావాలని కోరుతుంది.
అహం: బయటి ప్రపంచాన్ని చూసుకొని, కోరికను ఎప్పుడు, ఎలా తీర్చుకోవాలో నిర్ణయిస్తుంది.
అధ్యహం: తల్లిదండ్రుల ఆజ్ఞలు, నిషేధాలు లోపలికి చేరి ఏర్పడిన అంతర్వాణి. తండ్రి ఎదుట లేకపోయినా తప్పు చేసిన పిల్లవాడు కుంచించుకుపోవడానికి కారణం ఇదే.

అచిత్తుకు, అధ్యహానికి మధ్య నలిగే అహం తనను కాపాడుకోవడానికి వాడే ఉపాయాలను 'రక్షక తంత్రాలు' అంటారు. వీటిని ఫ్రాయిడ్ కుమార్తె అన్నా ఫ్రాయిడ్ 1936లో వెలువడిన గ్రంథంలో క్రమబద్ధంగా వివరించింది.

వికాస దశలు

ఫ్రాయిడ్ 1905లో ప్రచురించిన వ్యాసాలలో, ఆ తరువాతి రచనలలో శిశువు వికాసాన్ని ఐదు దశలుగా విభజించాడు.

1. మౌఖిక దశ (పుట్టుక నుండి సుమారు ఏడాదిన్నర వరకు): శిశువుకు సుఖం, భద్రత నోటి ద్వారా, పాలు త్రాగడం ద్వారా లభిస్తాయి.
2. ఆసన దశ (సుమారు మూడేళ్ళ వరకు): మలమూత్రాలపై అదుపు నేర్చుకొనే కాలం. మొట్టమొదటిసారిగా పెద్దల ఆజ్ఞకు, పిల్లవాని ఇష్టానికి ఘర్షణ ఏర్పడుతుంది.
3. శిశ్న దశ (మూడు నుండి ఐదారేళ్ళు): ఆడ, మగ తేడాలు తెలిసే కాలం. పిల్లవాడు తల్లి ప్రేమ తనకే దక్కాలని కోరి, తండ్రిని పోటీదారుగా భావిస్తాడని ఫ్రాయిడ్ చెప్పాడు. దీనికి గ్రీకు కథలోని రాజు పేరుతో 'ఈడిపస్ గ్రంథి' అని పేరు పెట్టాడు. చివరకు పిల్లవాడు తండ్రితో తాదాత్మ్యం చెంది, ఆయన వలె కావాలని కోరుకోవడంతో ఇది సమసిపోతుంది.
4. గుప్త దశ (ఆరేళ్ళ నుండి యౌవనారంభం వరకు): మనస్సు చదువు, ఆటలు, స్నేహాల వైపు మళ్ళుతుంది.
5. జననేంద్రియ దశ (యౌవనం నుండి): పరిణత ప్రేమ, బాధ్యత సాధ్యమవుతాయి.

ఏ దశలోనైనా మితిమీరిన లేమి గాని, మితిమీరిన గారాబం గాని ఉంటే మనస్సులో కొంత భాగం అక్కడే ఆగిపోతుందని ఫ్రాయిడ్ భావించాడు. దీనిని 'స్థిరీకరణ' అంటారు. కష్టం వచ్చినప్పుడు మనిషి వెనుకటి దశకు జారడాన్ని 'ప్రతిగమనం' అంటారు. తమ్ముడో చెల్లెలో పుట్టిన తరువాత నాలుగేళ్ళ బిడ్డ మళ్ళీ పక్క తడపడం ఇందుకు ఉదాహరణ.

బాల్యం పెద్దతనంలో పనిచేసే తీరు

బాల్యానుభవం పెద్దవారి ప్రవర్తనలో కనిపించే మార్గాలను మనోవిశ్లేషకులు ముఖ్యంగా నాలుగుగా చెబుతారు.

తాదాత్మ్యీకరణం: పిల్లలు తాము ప్రేమించిన వారినే గాక భయపడిన వారిని కూడా అనుకరిస్తారు. బడిలో దెబ్బలు తిన్న పిల్లవాడు ఇంటికి వచ్చి, అరుగు మీది స్తంభాలను శిష్యులుగా భావించి బెత్తంతో కొట్టే ఆట తెలుగు పల్లెలలో చాలామంది ఎరిగినదే. అన్నా ఫ్రాయిడ్ దీనిని బాధించిన వానితో తాదాత్మ్యం అని పేర్కొంది. ఆట ఆటగా ముగిస్తే మేలు. ఆ పిల్లవాడు పెద్దయి తన పిల్లల మీద బెత్తం ఎత్తితే అది మరొక తరానికి సంక్రమిస్తుంది.

పునరావృత్తి: బాధ కలిగించిన సంబంధాన్నే మనిషి తెలియకుండా మళ్ళీ మళ్ళీ వెదుక్కొంటాడని ఫ్రాయిడ్ 1920లో వ్రాశాడు. ఏడాదిన్నర వయసు గల తన మనుమడు, తల్లి బయటకు వెళ్ళినప్పుడు దారం కట్టిన చెక్క కండెను దూరంగా విసిరి తిరిగి లాగుకొనే ఆటను ఆయన ఇందుకు ఆధారంగా చూపాడు. తల్లి వెళ్ళిపోవడాన్ని ఆపలేని పసివాడు, ఆటలో మాత్రం పోవడాన్ని, రావడాన్ని తన చేతిలో ఉంచుకొన్నాడు.

బదలాయింపు: చిన్ననాటి మనుషులపై గల భావాలను ఇప్పటి మనుషులపై మోపడం. కఠినుడైన తండ్రి వద్ద పెరిగిన ఉద్యోగి, పై అధికారి మామూలుగా పిలిచినా వణకడం వంటిది. మనోవిశ్లేషణ చికిత్సలో రోగి వైద్యునిపై చూపే ఇటువంటి భావాలనే ముఖ్య సాధనంగా వాడుకొంటారు.

ఆలస్యంగా కలిగే అర్థం: జరిగినప్పుడు అర్థం కాని సంఘటన, పెద్దయిన తరువాత కొత్త అర్థం సంతరించుకొని బాధించవచ్చు. అనగా బాల్యం పెద్దతనాన్ని మలచడమే గాక, పెద్దతనం కూడా బాల్యానికి కొత్త అర్థం ఇస్తుంది. బాల్యాన్ని విధిగా భావించేవారు ఈ నాలుగవ అంశాన్ని తరచుగా విస్మరిస్తారు.

ఫ్రాయిడ్ తరువాత

ఆల్ఫ్రెడ్ ఆడ్లర్ 1911లో ఫ్రాయిడ్ నుండి విడిపోయి, బలహీనుడైన శిశువు అనుభవించే న్యూనతాభావం, దానిని అధిగమించాలనే తపన వ్యక్తిత్వానికి మూలమని చెప్పాడు. తెలుగులో నేడు సాధారణంగా వాడే 'ఆత్మన్యూనత' అనే మాట వెనుక ఉన్నది ఈ భావనే. మెలనీ క్లైన్ పిల్లల ఆటలనే వారి భాషగా గ్రహించి, 1932లో శిశు మనోవిశ్లేషణపై గ్రంథం ప్రచురించింది.

పిల్లల వైద్యుడైన డి.డబ్ల్యు. విన్నికాట్, పరిపూర్ణమైన తల్లి అవసరం లేదని, 'తగినంత మంచి తల్లి' చాలునని అన్నాడు. చిన్న చిన్న లోపాలు బిడ్డ తట్టుకోగలిగిన మేరకు ఉన్నప్పుడు, అవే అతనికి లోకాన్ని పరిచయం చేస్తాయి. ఎరిక్ ఎరిక్సన్ 1950లో వెలువరించిన గ్రంథంలో వికాసం ఐదేళ్ళతో ఆగిపోదని, వృద్ధాప్యం వరకు ఎనిమిది దశలలో సాగుతుందని ప్రతిపాదించాడు. ఆయన 1969లో మహాత్మా గాంధీపై వ్రాసిన గ్రంథంలో 1918 నాటి అహమ్మదాబాద్ మిల్లు కార్మికుల సమ్మెను కేంద్రంగా తీసుకొని, గాంధీ బాల్యాన్ని, తండ్రితో ఆయన అనుబంధాన్ని పరిశీలించాడు.

జాన్ బౌల్బీ ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం 1951లో తయారుచేసిన నివేదికలో, పసివయసులో తల్లికి దూరమైన పిల్లల స్థితిని వివరించాడు. తరువాత 1969 నుండి వెలువరించిన సంపుటాలలో 'అనుబంధ సిద్ధాంతం' ప్రతిపాదించాడు. దీని ప్రకారం శిశువు తల్లిని అంటిపెట్టుకొని ఉండడం పాల కోసమే కాదు, భద్రత కోసం. ఆయన సహచరి మేరీ ఐన్స్‌వర్త్ ఉగాండాలోను, అమెరికాలోని బాల్టిమోర్‌లోను తల్లీబిడ్డలను ప్రత్యక్షంగా పరిశీలించి, అనుబంధంలో రకాలను గుర్తించింది. మనోవిశ్లేషణ సంప్రదాయం నుండి వచ్చిన సిద్ధాంతాలలో ప్రయోగ పరిశీలనకు ఎక్కువగా నిలిచినది ఇదే.

భారతదేశంలో

మనోవిశ్లేషణ భారతదేశానికి చాలా ముందుగానే వచ్చింది. కలకత్తా వైద్యుడు గిరీంద్రశేఖర బోస్ (1887 - 1953) దమనం అనే భావనపై గ్రంథం వ్రాసి, 1922లో భారతీయ మనోవిశ్లేషణ సంఘాన్ని కలకత్తాలో స్థాపించాడు. ఆయనకు, ఫ్రాయిడ్‌కు ఉత్తర ప్రత్యుత్తరాలు చాలాకాలం సాగినప్పటికీ ఇద్దరూ ఎన్నడూ కలుసుకోలేదు. ఫ్రాయిడ్ 75వ జన్మదినం సందర్భంగా 1931లో ఈ సంఘం దంతపు విష్ణు విగ్రహాన్ని కానుకగా పంపింది. అయితే బోస్ గురువు చెప్పినదంతా అంగీకరించలేదు. ఈడిపస్ గ్రంథి తన భారతీయ రోగులలో ఐరోపా వారిలో వలె కనిపించడం లేదని ఆయన ఫ్రాయిడ్‌కు వ్రాశాడు.

కన్నడ దేశంలో పెరిగి అమెరికాలో ఆచార్యునిగా పనిచేసిన ఎ.కె. రామానుజన్ ఈ తేడాను కథలలో చూపించాడు. గ్రీకు కథలో కొడుకు తండ్రిని చంపుతాడు. భారతీయ కథలలో తరచుగా తండ్రి కోసం కొడుకే త్యాగం చేస్తాడు. యయాతి కోసం పూరువు తన యౌవనం ఇచ్చాడు. శంతనుని వివాహం కోసం భీష్ముడు బ్రహ్మచర్యం స్వీకరించాడు. వినాయకుని శిరస్సును తండ్రియైన శివుడే ఖండించాడు.

సుధీర్ కాకర్ (1938 - 2024) 1978లో ప్రచురించిన గ్రంథంలో, భారతీయ ఉమ్మడి కుటుంబంలోని మగపిల్లవాడు నాలుగైదేళ్ళ వరకు తల్లి ఒడిలోను, నాయనమ్మ, మేనత్త, పిన్ని వంటి స్త్రీల మధ్యను పెరిగి, ఆపైన ఒక్కసారిగా మగవారి క్రమశిక్షణలోకి వచ్చిపడతాడని వివరించాడు. ఐరోపా కుటుంబంలో తల్లి, తండ్రి, బిడ్డ అనే ముగ్గురి కథను మాత్రమే చూసిన ఫ్రాయిడ్ సిద్ధాంతానికి ఇది ముఖ్యమైన సవరణ.

తెలుగు నవలలో

తెలుగు దేశంలో మనోవిశ్లేషణ వైద్యశాలల కంటె ముందు సాహిత్యం ద్వారా ప్రజలకు పరిచయమైనది. 1940వ దశకం నుండి వచ్చిన కొన్ని నవలలు కథానాయకుని బాహ్య జీవితానికి బదులు అంతరంగాన్ని వస్తువుగా గ్రహించాయి.

త్రిపురనేని గోపీచంద్ (1910 - 1962) వ్రాసిన 'అసమర్థుని జీవయాత్ర' తెలుగులో మొదటి మనోవైజ్ఞానిక నవలగా ప్రసిద్ధి పొందినది. ఇందులోని సీతారామారావు, వంశ ప్రతిష్ఠ నిలబెట్టాలనే తండ్రి ఆదర్శాన్ని తన స్వంత శక్తితో పోల్చి చూసుకోకుండా మోస్తాడు. ఆస్తి కరిగిపోతుంది, మిగిలిన అహంకారం భార్యాబిడ్డలపై కోపంగా మారుతుంది, చివరకు ఆత్మహత్యకు దారితీస్తుంది. మనోవిశ్లేషణ పరిభాషలో చెప్పాలంటే, అతని అధ్యహం అతనికంటె పెద్దదై అతనినే మింగివేసింది. రచయిత ఈ నవలను ప్రశ్నించడం నేర్పిన తన తండ్రికి అంకితం చేయడం గమనింపదగిన విషయం. ఆ తండ్రి హేతువాది, కవి అయిన త్రిపురనేని రామస్వామి చౌదరి. తండ్రి నుండి ఆజ్ఞ మాత్రమే పొందిన కొడుకు కథను, తండ్రి నుండి ప్రశ్న పొందిన కొడుకు వ్రాశాడు.

బుచ్చిబాబు (శివరాజు వెంకట సుబ్బారావు, 1916 - 1967) నవల 'చివరకు మిగిలేది' 1952లో పుస్తకంగా వెలువడినది. కథానాయకుడు దయానిధిని అతని తల్లి గురించి లోకం చెప్పుకొనే నింద వెంటాడుతుంది. తల్లిని ప్రేమించాలా, నిందించాలా అనే తేలని ప్రశ్న అతను ఎరిగిన ప్రతి స్త్రీతోను అతని సంబంధాన్ని శాసిస్తుంది. ఇక్కడ గాయం తల్లి చేసినది కాదు, తల్లి గురించి సంఘం అన్న మాటల వలన కలిగినది. కుటుంబం లోపల మాత్రమే కారణాలు వెదికే ఫ్రాయిడ్ పద్ధతికి ఇది ఒక విధంగా సమాధానం.

రాచకొండ విశ్వనాథశాస్త్రి నవల 'అల్పజీవి'లోని సుబ్బయ్య ఆత్మన్యూనతకు, భయానికి ప్రతిరూపం. నవీన్ 1969లో ప్రచురించిన 'అంపశయ్య' ఒక విశ్వవిద్యాలయ విద్యార్థి ఒక్క రోజు ఆలోచనలను చైతన్య స్రవంతి పద్ధతిలో చెబుతుంది. మరొక వైపు, బడి పంతులుగాను, పాఠశాలల తనిఖీ అధికారిగాను పనిచేసిన గుడిపాటి వెంకటచలం 'బిడ్డల శిక్షణ' అనే పుస్తకంలో, దెబ్బలతో, భయంతో పిల్లలను పెంచడాన్ని ఖండించాడు.

కోనసీమ నుండి రెండు ఉదాహరణలు

గోదావరి గౌతమి, వసిష్ఠ పాయల మధ్య, బంగాళాఖాతం అంచున గల డెల్టా ప్రాంతం కోనసీమ. అమలాపురం, రాజోలు, కొత్తపేట ఇక్కడి ముఖ్య పట్టణాలు. 2022 ఏప్రిల్ 4న అమలాపురం కేంద్రంగా ఇది ప్రత్యేక జిల్లా అయినది. సిద్ధాంతం ఎంతవరకు వర్తిస్తుందో, ఎక్కడ చాలదో గ్రహించడానికి ఈ ప్రాంతపు జీవితంలో రెండు ఉదాహరణలు ఉపయోగపడతాయి.

బోయి భీమన్న: కవి, నాటక రచయిత బోయి భీమన్న (1911 - 2005) కోనసీమలోని మామిడికుదురులో దళిత కుటుంబంలో జన్మించాడు. ఆ కాలంలో ఈ ప్రాంతపు పేద దళిత కుటుంబాలలో అనేకమంది పిల్లలు బడికి పోయే వయసులో భూస్వాముల ఇళ్ళలో పాలేర్లుగా, పశువుల కాపర్లుగా కుదిరేవారు. భీమన్న వ్రాసిన 'పాలేరు' నాటకం అటువంటి ఒక పాలేరు చదువుకొని ఉన్నతోద్యోగి కావడాన్ని చూపింది. ఆయన ఆత్మకథ పేరు 'పాలేరు నుండి పద్మశ్రీ వరకు'. 'గుడిసెలు కాలిపోతున్నాయి' కావ్యానికి 1975లో ఆయనకు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించినది. ఈ బాల్యాన్ని ఈడిపస్ గ్రంథితో వివరించడం సాధ్యం కాదు. ఇటువంటి పిల్లవానికి అవమానం ఎదురయ్యేది ఇంటిలో కాదు, వీధిలోను, బడిలోను, బావి వద్దను. తన తండ్రి కూడా మరొకరి ఎదుట చేతులు కట్టుకొని నిలబడవలసి రావడం చూసిన పిల్లవాని మనస్సులో అధ్యహం ఎవరి గొంతుతో మాట్లాడుతుంది అనే ప్రశ్నకు ఫ్రాయిడ్ వద్ద సమాధానం లేదు. న్యూనతను అధిగమించే తపన గురించి చెప్పిన ఆడ్లర్ కొంత దగ్గరగా వస్తాడు. అయితే ఆ న్యూనత శిశువు సహజ బలహీనత వలన వచ్చినది కాదు, కులవ్యవస్థ మోపినది. చదువు, నాటకం, కవిత్వం ద్వారా ఆ బాధ ఇతరులకు దారి చూపే శక్తిగా మారడాన్ని మనోవిశ్లేషకులు 'ఉదాత్తీకరణం' అంటారు.

తల్లులు గల్ఫ్ దేశాలలో ఉన్న పిల్లలు: కోనసీమ నుండి, ఉభయ గోదావరి ప్రాంతాల నుండి ఎందరో స్త్రీలు దశాబ్దాలుగా కువైట్, దుబాయ్, మస్కట్ వంటి చోట్లకు ఇంటిపనుల కోసం వెళుతున్నారు. అప్పు తీర్చడానికో, ఇల్లు కట్టుకోవడానికో, కూతురి పెళ్ళికో వెళ్ళే ఈ తల్లుల పిల్లలు తరచుగా అమ్మమ్మ వద్దనో, నాయనమ్మ వద్దనో పెరుగుతారు. బౌల్బీ సిద్ధాంతం ప్రత్యక్షంగా ప్రశ్నించే పరిస్థితి ఇది. బౌల్బీ సహచరుడు జేమ్స్ రాబర్ట్‌సన్ 1952లో, ఆసుపత్రిలో ఒంటరిగా ఉంచబడిన రెండేళ్ళ బాలికపై ఒక చలనచిత్రం తీశాడు. తల్లికి దూరమైన పసిబిడ్డ మొదట ఏడ్చి ఎదిరిస్తాడని, తరువాత దిగులుపడి మౌనంగా ఉంటాడని, చివరకు తల్లి తిరిగి వచ్చినా ఎరగనట్లు ముఖం తిప్పుకొంటాడని ఆయన చెప్పాడు. రెండేళ్ళ తరువాత సెలవుపై వచ్చిన తల్లి ఎత్తుకోబోతే బిడ్డ అమ్మమ్మ కొంగు చాటుకు పోవడం ఇటువంటిదే. ఆ బిడ్డకు తల్లిపై ప్రేమ లేదని దీని అర్థం కాదు. తట్టుకోవడానికి బిడ్డ ఎంచుకొన్న మార్గం అది.

అయితే రాబర్ట్‌సన్, ఆయన భార్య జాయిస్ తరువాతి కాలంలో తామే కొందరు పిల్లలను కొద్దిరోజులు తమ ఇంట ఉంచుకొని పరిశీలించారు. ముందే పరిచయమై, ఒకే వ్యక్తి నిలకడగా ప్రేమతో చూసుకొన్న పిల్లలు, సిబ్బంది మారుతూ ఉండే శిశుసంరక్షణ గృహంలోని పిల్లవాని వలె కుంగిపోలేదు. అనగా బిడ్డకు హాని చేసేది తల్లి దూరం కావడం ఒక్కటే కాదు, ఆ స్థానంలో నిలకడగా ఎవరూ లేకపోవడం. తల్లి వెళ్ళకముందు నుండే బిడ్డకు చేరువైన అమ్మమ్మ, తల్లి పేరును రోజూ తలచే ఇల్లు, ఫోనులో వినిపించే తల్లి గొంతు, తిరిగి వచ్చినప్పుడు తొందరపెట్టకుండా బిడ్డను దగ్గరకు రానివ్వడం ఇక్కడ ముఖ్యమైనవి. రాబర్ట్‌సన్ దంపతులు చూసినది కొద్ది రోజుల ఎడబాటు, ఇక్కడిది ఏళ్ళ తరబడి సాగే ఎడబాటు అనే తేడాను మరువరాదు. కుటుంబం కోసం వెళ్ళిన తల్లిని దోషిగా చూపడం ఈ సిద్ధాంతం ఉద్దేశం కాదు.

విమర్శలు

శాస్త్రీయత: ఏ ఫలితం వచ్చినా సిద్ధాంతానికి అనుకూలంగా వివరించవచ్చు గనుక దీనిని పరీక్షించడం కుదరదని తత్త్వవేత్త కార్ల్ పాపర్ విమర్శించాడు. వైద్యుని గదిలో రోగి చెప్పిన మాటలు వైద్యుని సూచనల ప్రభావానికి లోనై ఉండవచ్చునని అడాల్ఫ్ గ్రూన్‌బామ్ 1984లో వాదించాడు.

దశల సిద్ధాంతం: పాలు మాన్పించే తీరు, మలమూత్రాల శిక్షణ వంటివి విడివిడిగా పెద్దల స్వభావాన్ని నిర్ణయిస్తాయనడానికి ఆధారాలు లభించలేదు. అమెరికాలో విలియం సూయెల్ 1952లో 162 మంది గ్రామీణ బాలలపై చేసిన అధ్యయనంలో ఇటువంటి సంబంధం కనబడలేదు. పాలు మాన్పించడానికి రొమ్ముకు వేపాకు ముద్ద రాసిన తల్లులు ఇందుకై దిగులుపడనవసరం లేదు.

బాధితుల మాట: 1897లో ఫ్రాయిడ్ అభిప్రాయం మార్చుకోవడం వలన, నిజంగా అత్యాచారానికి గురైన పిల్లల మాటలు కూడా ఊహలుగా కొట్టివేయబడ్డాయని జెఫ్రీ మాసన్ 1984లో ఆరోపించాడు. దీనికి మరొక కొస కూడా ఉంది. జరగని సంఘటనను కూడా జ్ఞాపకంగా నాటవచ్చునని ఎలిజబెత్ లాఫ్టస్ ప్రయోగాలు చూపాయి. కాబట్టి పిల్లలు చెప్పిన మాటను తేలికగా తీసివేయరాదు, పెద్దల నోట సూచనలతో జ్ఞాపకాలను పుట్టించనూ రాదు. భారతదేశంలో లైంగిక నేరాల నుండి బాలలను రక్షించే పోక్సో చట్టం 2012లో వచ్చినది.

తల్లిపై నింద: తల్లి ప్రేమరాహిత్యం వలననే ఆటిజం వస్తుందని బ్రూనో బెటెల్‌హైమ్ 1967లో ప్రచారం చేశాడు. ఇది పూర్తిగా తప్పు అని తేలింది. 1977లో కవలలపై జరిగిన అధ్యయనం జన్యు కారణాల ప్రాధాన్యాన్ని చూపింది. ఈలోగా ఎందరో తల్లులు చేయని తప్పుకు నిందలు మోశారు.

సంస్కృతి: మాలినోవ్‌స్కీ 1927లో ప్రచురించిన గ్రంథంలో, ట్రోబ్రియాండ్ దీవులలో పిల్లవానిపై అధికారం తండ్రికి గాక మేనమామకు ఉంటుందని, అక్కడ ఘర్షణ మేనమామతోనే వస్తుందని చూపాడు. కుటుంబం మారితే గ్రంథి కూడా మారుతుందన్నమాట.

తరువాతి పరిశోధనలు

హవాయిలోని కవాయ్ దీవిలో 1955లో పుట్టిన 698 మంది పిల్లలను ఎమ్మీ వెర్నర్ బృందం దశాబ్దాల పాటు పరిశీలించింది. పేదరికం, కుటుంబ కలహాలు, తల్లిదండ్రుల జబ్బుల వంటి అనేక కష్టాల మధ్య పెరిగిన పిల్లలలో సుమారు మూడవ వంతు సమర్థులైన పెద్దలుగా ఎదిగారు. వారిలో తరచుగా కనిపించిన అంశం, తల్లిదండ్రులు కాకపోయినా కనీసం ఒక పెద్దవారితో గట్టి అనుబంధం ఉండడం. అది తాతయ్య కావచ్చు, పొరుగువారు కావచ్చు, ఒక ఉపాధ్యాయుడు కావచ్చు.

రుమేనియాలో 1989 తరువాత అనాథాశ్రమాల నుండి ఇంగ్లండు కుటుంబాలకు దత్తత వెళ్ళిన పిల్లలను మైకేల్ రటర్ బృందం పరిశీలించింది. ఆరు నెలల లోపు దత్తత వెళ్ళినవారు ఎక్కువగా కోలుకొన్నారు. ఆశ్రమంలో అంతకంటె ఎక్కువకాలం గడిపిన వారిలో కొందరికి సమస్యలు చాలాకాలం మిగిలాయి. 1998లో అమెరికాలో ఫెలిట్టి, ఆండా ప్రచురించిన అధ్యయనం చిన్ననాటి హింస, నిర్లక్ష్యం ఎక్కువైన కొద్దీ పెద్దతనంలో శారీరక, మానసిక వ్యాధులు కూడా ఎక్కువగా కనబడుతున్నట్లు చూపింది.

ఈ ఫలితాలను కలిపి చూస్తే, ఒకానొక సంఘటన కంటె చాలాకాలం సాగిన లేమి లేక హింస ఎక్కువ హాని చేస్తుందని, ఎంత త్వరగా మంచి సంబంధం దొరికితే అంత మేలని, ఆలస్యమైనా దొరకడం వృథా కాదని తెలుస్తుంది.

విద్యలో ప్రాముఖ్యం

ఉపాధ్యాయ శిక్షణలో మనోవిశ్లేషణ పాఠ్యాంశంగా ఉన్నది. తరగతి గదిలో దీని ఉపయోగం పిల్లవానికి రోగం పేరు పెట్టడంలో లేదు, అల్లరి వెనుక ఉన్న కారణం అడగడంలో ఉన్నది. ఎప్పుడూ వెనుక బల్లపై మౌనంగా కూర్చొనే బాలిక, చేయి ఎత్తగానే తల దాచుకొనే బాలుడు మాటలలో చెప్పలేని సంగతిని ప్రవర్తనలో చెబుతూ ఉండవచ్చు. బడిలో శారీరక దండనను, మానసిక వేధింపును 2009 నాటి విద్యాహక్కు చట్టం నిషేధించింది. ఆపదలో ఉన్న పిల్లల కోసం 1098, మానసిక ఆరోగ్య సలహా కోసం 14416 అనే ఉచిత ఫోను సేవలు ఉన్నాయి.

మొక్కై వంగనిది మానై వంగదన్న సామెతను మనోవిశ్లేషణ బలపరచినట్లు కనబడినా, ఆ సిద్ధాంతంపై జరిగిన నూరేళ్ళ చర్చ సామెతను కొంత సవరించినది. మాను వంపు పూర్తిగా పోకపోవచ్చును గాని, తోడుగా నిలిచే మరొక మనిషి దొరికినప్పుడు కొత్త కొమ్మలు నిటారుగా పెరగగలవు.